రాఖీ నాడు ఇచ్చిన చేప

నాకు ఇంకా కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలన్న ఉద్దేశం కూడా లేదు. "ఒక్క చేప కోసం ఇంత రాద్ధాంతమా" అని మా ఆయన అన్నప్పుడల్లా "చేప కోసం కాదు" అంటాను. అబద్ధం. చేప కోసం కూడా. చేప సంగతీ మనిషి సంగతీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు కాబట్టి రెండూ కలిపే చెబుతాను.

ఎల్‌బీనగర్ చౌరస్తా నుంచి కాస్త లోపలికి వస్తే మా ఫ్లాటు. హాల్లో టీవీ ఉండాల్సిన చోట సముద్రపు నీళ్ళ అక్వేరియం ఉంటుంది. టీవీని పడగ్గదిలోకి తోసేశాం. నేను మలక్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. పొద్దంతా పిల్లల మీద అరిచి అరిచి ఇంటికొచ్చాక, హ్యాండ్‌బ్యాగు భుజం మీద ఉండగానే అద్దం దగ్గరికి వెళ్ళడం నా అలవాటు. అక్కడ క్లౌన్ చేపల జంట ఒకటి నా కోసం చూస్తుండేది. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు. ఆ జాతిలో ఆడదే ఒళ్ళు పెద్దది, ఆడదానిదే పెత్తనం. అందుకని ఒకదాన్ని పెద్దది అనీ, రెండోదాన్ని చిన్నోడు అనీ పిలుచుకునేవాళ్ళం.

పెద్దది ఉత్త గయ్యాళి. అద్దం తుడుద్దామని చెయ్యి పెడితే చాలు, రయ్యిన వచ్చి వేలు కొరికేది. చీమ కుట్టినంత కూడా ఉండదు ఆ నొప్పి. తుడవాల్సిన పని లేకపోయినా, ఆ కొరుకుడు కోసమే రోజూ చెయ్యి పెట్టేదాన్ని. చిన్నోడు దాని తోక పట్టుకుని తిరిగేవాడు. "వాణ్ణి చూస్తే అద్దంల నన్ను నేను చూసుకున్నట్టే ఉంటది" అనేవాడు మా ఆయన.

ఈ నీళ్ళు సముద్రం నుంచి తెచ్చుకునేవి కావు. ఆర్వో నీళ్ళలో దానికని దొరికే ఉప్పు కలిపి ఇంట్లోనే తయారు చేసుకోవాలి. మా ఆయనకు బీపీ. "నాకేమో చారుల ఉప్పు బంద్ చేస్తివి. గా చేపలకేమో బకెట్లకు బకెట్లు పోస్తున్నవ్" అని గొణగని రోజు లేదు. ఎంత ఉప్పు పడిందో చూడటానికి రిఫ్రాక్టోమీటర్ అని జానెడు గొట్టం ఒకటి ఉంటుంది. దాని గాజు మీద చుక్క నీళ్ళు వేసి వెలుతురు వైపు తిప్పి కంటికి పెట్టుకుంటే, నీలం ఎక్కడ ఆగిపోయిందో అక్కడున్న అంకె ఉప్పు లెక్క. అసలు అంకె పొడుగ్గా ఉంటుంది కానీ, ఈ పిచ్చి పట్టినవాళ్ళందరం చివరి రెండంకెలే చెప్పుకుంటాం. సముద్రం నీళ్ళకు ఇరవై ఐదు ఉండాలి.

ఇదంతా నాకు నేర్పింది మా తమ్ముడు. సొంత తమ్ముడు కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్టు ఉండిన వైపు పోయే సందులో చేపల షాపు అతనిది. మార్కెట్టు అక్కడ ఉన్న రోజుల్లో వాళ్ళ నాయన నల్లగొండ నుంచి బత్తాయి లోడ్లతో వచ్చేవాడట. మాదీ నల్లగొండ దగ్గర పల్లెటూరే. మొదటిసారి షాపుకెళ్ళి నేను రెండు మాటలు మాట్లాడానో లేదో, "అక్కా, మీది నల్లగొండ దిక్కా?" అన్నాడు. అంతే, పడిపోయాను. కూరగాయల బండివాణ్ణి కూడా సవాలక్ష ప్రశ్నలు వేసే మనుషులం, పట్నంలో మనూరి యాస వినపడితే మాత్రం ఒక్కటీ అడగం. మనోడు అనుకున్నాక అడగడం తప్పని మాకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు.

మా అమ్మకు ముగ్గురమూ ఆడపిల్లలమే. ఒక ఏడు రాఖీకి ముందు రోజు ఉప్పు కొనడానికి వెళ్ళినప్పుడు అతనే ముంజేయి చాపి, "నాకు కట్టరాదక్కా? నాకు గూడ అక్కచెల్లెండ్లు లేరు" అన్నాడు. మర్నాడు మిఠాయి డబ్బాతో వెళ్ళి బొట్టు పెట్టి కట్టాను. బస్సులో తిరిగి వస్తుంటే ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటి నుంచి ఏ ఏడూ తప్పలేదు. మా ఆయన్ని బావా అంటాడు. ఇంటికొస్తే తిన్నగా వంటింట్లోకి వచ్చి గిన్నెల మీద మూతలు తీసి చూసేంత చనువు. నాకది ముచ్చటగా ఉండేది.

పోయిన ఏడు రాఖీ కట్టాక పళ్ళెంలో ఏదో ఒకటి పెట్టాలి కదా, అతను షాపు లోపలికి వెళ్ళి ఒక సంచీ తెచ్చాడు. గాలి నింపి ముడేసిన సంచీలో నీళ్ళు, నీళ్ళలో బ్లూ ట్యాంగ్ చేప. ముదురు నీలం ఒళ్ళు, పసుపుపచ్చ తోక. ఎన్నాళ్ళ నుంచో ఆ జాతి చేపల్ని చూసి, మనకెందుకులే అని వదిలేస్తున్నాను.

"అందరు చీరలు పెడ్తరు. నేను నీకిష్టమైంది పెడుతున్న అక్కా" అన్నాడు.

కొత్త చేపను ఇంట్లో చేపలతో వెంటనే కలపకూడదు, కొన్నాళ్ళు వేరే టబ్బులో ఉంచి రోగమేదీ లేదని చూసుకుని కలపాలి. ఈ పాఠం నేర్పింది కూడా అతనే. అందుకే అడిగాను, "దీన్ని వేరే టబ్బుల పెట్టాల్నా?" అని.

"నెల రోజుల సంది నాకాడనే ఉంది. ఒక్క మచ్చ లేదు. నీకు రోగం చేపనిస్తనా అక్కా?" అన్నాడు. అని, ఒక్క క్షణం ఆగి, "నీళ్ళు మాత్రం జర మెల్లగ కలుపు. ఆగమాగం చెయ్యకు" అన్నాడు.

ఆ మాట అంత నొక్కి ఎప్పుడూ చెప్పలేదే అనిపించింది. అనిపించి ఊరుకున్నాను. పండుగ పూట తమ్ముడు పెట్టినదాన్ని అంటురోగంవాళ్ళలా విడిగా ఉంచడానికి నాకు మనసొప్పలేదు. సాయంత్రమంతా కూర్చుని సంచీలోకి చుక్క చుక్కగా మా నీళ్ళు కలిపి, చేపను పెద్ద ట్యాంకులోకి వదిలాను. పెద్దది దాన్ని ఒక రౌండు తరిమి, తర్వాత పోనీలే అని వదిలేసింది.

వారం తిరగకముందే ట్యాంగ్ ఒంటి మీద ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్ల మచ్చలు. రాళ్ళకేసి ఒళ్ళు గోక్కుంటోంది. వెంటనే ఫోటో తీసి తమ్ముడికి పంపాను. నిమిషంలో ఫోన్ చేశాడు.

"గది స్ట్రెస్ అక్కా. కొత్త జాగ గదా, పరేషాన్ అయ్యింది. మేతను వెల్లుల్లి రసంల నానబెట్టి ఎయ్యి. అదే పోతది."

రోజూ వెల్లుల్లి దంచాను. ఇల్లంతా అదే వాసన. "పులుసు పెట్టేముందు బతికుండంగనే మసాలా పట్టిస్తున్నవా?" అని మా ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. నిజంగానే మచ్చలు మాయమయ్యాయి. తమ్ముడికి ఫోన్ చేసి దేవుడివిరా అన్నాను. ఆ మచ్చలు తెచ్చే పురుగు చేప ఒంటి మీద తినగలిగినంత తిని, రాలి అడుగున పడి, ఒకటి వందలై మళ్ళీ లేస్తుందని నాకప్పుడు తెలియదు. అతనికి తెలుసు.

రెండోసారి వచ్చినప్పుడు మూడింటి మీదా వచ్చింది. పెద్దది మూలకు చేరి, నోరు తెరిచి ఎగపోస్తోంది. మేత వేస్తే చూసి ఊరుకుంది. నేను చొక్కా చేతులు పైకి మడిచినట్టు జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని నీళ్ళలో చెయ్యి పెట్టాను. వేలు దాని మూతి ముందు పెట్టాను. కొరకలేదు. అప్పుడు నాకు భయమేసింది. దీన్ని ఎలాగైనా బతికించు అని, గుడికి పెద్దగా వెళ్ళనిదాన్ని, మొక్కుకున్నాను.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. పెద్ద టబ్బు, స్పాంజి ఫిల్టరు, చేపలు దాక్కోవడానికి తెల్ల పైపు ముక్కలు అన్నీ తనే మోసుకొచ్చాడు. అద్దానికి మొహం ఆనించి మూడింటినీ చూశాడు. తర్వాత, "ఉప్పు తగ్గించాల్నక్కా" అన్నాడు.

"ఇగ చేపలకు గూడ బీపీ వచ్చిందా బామ్మర్దీ?" అన్నాడు మా ఆయన. ముగ్గురం నవ్వాం.

వైద్యం తమ్ముడే విడమరిచి చెప్పాడు. చేప ఒంట్లోపలి ఉప్పు సముద్రం కంటే తక్కువ. అందుకని బయట నీళ్ళు పలచబడినా అది తట్టుకుంటుంది, నిజానికి దానికి కాస్త సుఖం కూడా. ఆ పురుగు తట్టుకోలేదు, ఉబ్బి పగిలి చస్తుంది. ఇరవై ఐదు నుంచి తొమ్మిదికి దించాలి, అక్కడే వారాల తరబడి ఉంచాలి. మధ్యలో ఒక్క పూట ఉప్పు పెరిగినా మళ్ళీ మొదటికే. రాళ్ళు, పగడాలు, నత్తలు ఆ నీళ్ళలో బతకవు కాబట్టి వాటిని పెద్ద ట్యాంకులోనే వదిలి, చేపల్ని మాత్రం టబ్బులోకి మార్చాలి. అక్కడ చేపలు లేకపోతే పురుగుకు తిండి దొరక్క అదే పోతుంది. అన్నీ సరిగ్గానే చెప్పాడు. దించడానికి పట్టిన రెండు రోజులూ వచ్చి, నీళ్ళు తీసి ఆర్వో నీళ్ళు పోస్తూ, దగ్గరుండి దించాడు. మా అమ్మ కడుపున పుట్టినవాడైనా ఇంత చేసేవాడా అనుకున్నాను.

పెద్దది నిలవలేదు. ఉప్పు తొమ్మిదికి దిగిన మర్నాడు పొద్దున బడికి బయల్దేరుతూ చూస్తే పైపు పక్కన వెల్లకిలా పడి ఉంది. పురుగు మొప్పల్లోకి ఎప్పుడో దిగిపోయింది. మందు తప్పు కాదు, ఆలస్యం. చిన్నోడు దాన్ని మూతితో నెడుతున్నాడు, ఎప్పటిలా లేచి తిడుతుందని కాబోలు. చేతిలోకి తీసుకుంటే అరచేతిలో సగం కూడా లేదు. ఇంట్లో ఇంత పెత్తనం చేసిన మనిషి ఇంతేనా అనిపించింది. ఆ రోజు ఏడో తరగతిలో భిన్నాలు చెబుతూ బోర్డు మీద తప్పు వేశాను. పిల్లలు దిద్దారు.

సాయంత్రం తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏడ్వకక్కా. నీ తప్పేం లేదు" అన్నాడు. బజ్జీలు తిని, టీ తాగాక, కప్పు కింద పెడుతూ, "జర ముందుగాల చెప్తే బాగుండు" అన్నాడు.

నేను మొదటి రోజే ఫోటో పంపాను. అయినా ఆ మాటను నమ్మాను. ఇంకాస్త గట్టిగా అడగాల్సింది, వెల్లుల్లితో ఊరుకోకుండా ఉండాల్సింది అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ వైద్యం సాగిన అన్నాళ్ళూ, పొద్దునే లేచి ఆవిరైన మేరకు ఆర్వో నీళ్ళు పోస్తూ, అంకె చూసుకుంటూ, టబ్బు అడుగు మురికి తీస్తూ, దాన్ని నేనే చంపుకున్నాను అన్న బరువు మోశాను. అతను మోయాల్సింది నా నెత్తిన పెట్టి, హాయిగా బజ్జీలు తిని వెళ్ళాడు.

మిగిలిన రెండూ కోలుకున్నాయి. ట్యాంగ్ ఒళ్ళు మళ్ళీ నిగనిగలాడింది. ఇక ఉప్పు మెల్లగా పెంచి ఇంటి ట్యాంకులోకి చేర్చాలి. దించడం రెండు రోజుల్లో దించొచ్చు కానీ, పెంచడం తొందరపడితే చేప ప్రాణానికే ముప్పు. నా గొట్టం సరిగ్గా చూపిస్తోందో లేదో తేల్చుకుందామని, బడి నుంచి వస్తూ దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి షాపుకెళ్ళాను. తమ్ముడు సందు చివర చాయ్ తాగడానికి పోయాడట. సొంత ఇంట్లో కూర్చున్నట్టు అతని స్టూలు మీద కూర్చున్నాను. ఎదురుగా ట్యాంగులున్న ట్యాంకు. షాపు నీళ్ళు ఇరవై ఐదు ఉంటాయి కదా, దాంతో పోల్చి చూద్దామని ఒక చుక్క తీసి గాజు మీద వేశాను.

పన్నెండు.

నా గొట్టం పాడైపోయిందనుకున్నాను. ఉప్పు లేని ఆర్వో నీళ్ళు వేస్తే సున్నా చూపించాలి. షాపులో ఆర్వో డ్రమ్ము ఉంది. ఒక చుక్క వేశాను. సున్నా. తుడిచి, పక్క ట్యాంకు చూశాను. దాని పక్కది చూశాను. అన్నీ పన్నెండు దరిదాపుల్లోనే ఉన్నాయి. లెక్కల టీచర్‌ని కదా, మిగతాది చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇక్కడి నీళ్ళన్నీ సగం మందు నీళ్ళే. ఇందులో ఉన్నన్నాళ్ళూ పురుగు అణిగి ఉంటుంది, చేప శుభ్రంగా కనిపిస్తుంది. అసలు సముద్రపు నీళ్ళలో పడ్డాక బయటపడుతుంది, అప్పటికి అది షాపులో ఉండదు. నీళ్ళు మెల్లగా కలపమని అంత నొక్కి చెప్పింది ఇందుకే, ఉప్పు ఒక్కసారిగా పెరిగి చేప అప్పుడే చావకుండా.

తమ్ముడు వచ్చాడు. నా చేతిలో గొట్టం చూశాడు. ముఖం మారుతుందేమో అనుకున్నాను, మారలేదు.

"చూసినవా అక్కా? అందరు గిట్లనే పెడ్తరు. ఉప్పు పెంచితే మచ్చలు ఎల్తయి, మచ్చలు చూసినోడు ఎవడు కొంటడు?"

"నాకిచ్చిన దానికి రోగం ముందుగాలనే ఉండెనా?" అన్నాను.

"ఉండె. ఒకసారి ఎల్లి అణిగింది. పారబొయ్యనీకి పాణం ఒప్పలే. నీకాడైతే నువ్వు మంచిగ చూస్కుంటవ్, బతుకుతదనుకున్న. బతికింది గదా?"

"మా ఇంట్ల పెద్దది ఉందని నీకు ఎరుక లేదా?"

"ఎరుకే. ఏం చెయ్యాలక్కా? బయటోనికిస్తే రేపొద్దున షాపు ముంగట నిలబడి లొల్లి పెడ్తడు. నువ్వు అక్కవు. నన్నేమంటవ్?"

ఎంత మామూలుగా అన్నాడంటే, పొగిడాడేమో అనిపించేలా అన్నాడు. ప్రేమగా అన్నాడు. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అని మా అమ్మ అంటుంటే సామెత అనుకునేదాన్ని. ముక్కూ ముఖం తెలియని కస్టమరుకు ఉన్న విలువ నాకు లేకుండా పోవడానికి కారణం, నేను కట్టిన రాఖీ. ముంచినా లొల్లి పెట్టని మనిషి కావాలి కదా, దానికి నేను దొరికాను. గొట్టం సంచీలో వేసుకుని లేచి వచ్చేశాను. "చాయ్ తాగి పో అక్కా" అని వెనక నుంచి పిలిచాడు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, ఆయన మొదట నమ్మలేదు, తర్వాత "పోనీలే, మనోడే గదా" అన్నాడు. ఆ రాత్రి ఆయనతో కూడా మాట్లాడలేదు. మరి అదే కదా రోగం. మనోడే కదా అని మనం అంటామని అతనికి తెలుసు.

ఉప్పు రోజుకింత పెంచి రెంటినీ ట్యాంకులోకి మార్చాను. ట్యాంగ్‌ను తిరిగి ఇచ్చేద్దామని ఒకసారి అనుకున్నాను. అది ఏం చేసింది? మళ్ళీ ఆ పలచటి నీళ్ళలోకే పోతుంది. ఉంచుకున్నాను. సాయంత్రం నేను రాగానే అద్దం దగ్గరికి వస్తుంది, చక్కగా ఉంటుంది. దానికి మేత వేస్తూ కొన్నిసార్లు దాన్ని చూడలేక పక్కకు చూస్తాను.

ఈ ఏడు రాఖీకి నేను వెళ్ళలేదు. నేను రాలేదని అతనే వచ్చాడు, మిఠాయి డబ్బా పట్టుకుని, కొత్త చొక్కా వేసుకుని. హాల్లోకి వస్తూనే ట్యాంకు దగ్గర ఆగాడు. ముఖం వెలిగిపోయింది.

"చూస్తివా బావా, ఎట్ల మంచిగైందో! అక్కకాడైతే బతుకుతదని అప్పుడే అనుకున్న" అన్నాడు. నటన కాదు. నిజంగానే సంతోషపడ్డాడు. అదే నన్ను ఇంకా కాల్చింది. సోఫాలో కూర్చుని నవ్వుతూ ముంజేయి చాపాడు.

"ఈ ఏడు కట్టను" అన్నాను.

"మజాక్ చెయ్యకక్కా" అన్నాడు. చెయ్యి అట్లాగే చాపి ఉంచాడు. మా ఆయన నా వైపు చూసి, అతని వైపు చూసి, చివరికి ఫ్యాను వైపు చూశాడు.

"బయటోళ్ళకైతే రోగం చేప ఇయ్యవు గదా? ఇప్పటిసంది నన్ను గూడ బయటిదాన్నే అనుకో తమ్మీ" అన్నాను.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అనాల్సిన మాట ఇన్నాళ్ళకు అన్నాను. చివర్న ఆ తమ్మీ ఒక్కటి అలవాటు కొద్దీ నోటికి వచ్చేసింది, అందుకే నా మీద నాకు ఇంకా కోపం.